ప్రాణము దక్కిన చాలదు

పసిబిడ్డకు కాన్సరు సోకినదని వైద్యుడు చెప్పగనే తలిదండ్రులకు ప్రాణభయము తప్ప వేరొకటి తోపదు. అది సహజము. కాని ప్రాణము దక్కిన పిమ్మట ఆ బిడ్డ నిలువవలెను, నడువవలెను, ఎదుగవలెను. అందులకు ఎముకలు గట్టిగ నుండవలెను. ఆ యెముకలకు ఆధారమైన డి విటమినును గూర్చి రెండు మాటలు చెప్పదలచితిమి.

పిల్లలకు వచ్చు కాన్సరులలో ఎక్కువగ కానవచ్చునది తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా యను రక్తపు కాన్సరు. పూర్వమిది సోకిన బిడ్డ కొలది మాసములలోనే గతించుచుండెను. 1948లో బోస్టను నగర వైద్యుడు సిడ్నీ ఫార్బరు, అమినాప్టెరిను అను మందుచే ఈ వ్యాధి తాత్కాలికముగనైన అణగునని ప్రకటించెను. ఆ మందును సమకూర్చినది, 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యవమున నడచిన లెడర్లీ ప్రయోగశాల. అమినాప్టెరినునకు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేటు నేటికిని ఈ చికిత్సలో ముఖ్యౌషధము. సంపన్న దేశములలో నేడు ఈ వ్యాధిగల బిడ్డలు నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు.

అయితే ఈ మెథోట్రెక్సేటును, దానితో నిచ్చు ప్రెడ్నిసొలోను, డెక్సామెథసోను అను స్టెరాయిడు మందులును ఎముకల బలమును హరించును. చికిత్స రెండు మూడేండ్లు సాగును. వాంతులచే ఆహారము సయింపదు; అంటురోగముల భయముచే బిడ్డ గడప దాటడు. సూర్యకిరణములు సోకినపుడు చర్మమున పుట్టు డి విటమిను, కాలేయమునను మూత్రపిండములలోను మార్పు చెంది, ఆహారములోని కాల్షియమును ప్రేగులు గ్రహించునట్లు చేయును. అది కొరవడినచో పాలును రాగిజావయు ఎంత త్రాగించినను అందలి కాల్షియము చాలినంత ఒంటబట్టదు. నొప్పులు కలుగును, చిన్న పాటుకే ఎముక విరుగవచ్చును.

మన దేశమున ఎండకు కరవా యని కొంద రడుగుదురు. ఎండ యున్నది, బిడ్డ మేనికి సోకుటయే లేదు. ఆరోగ్యవంతులగు బిడ్డలలో సైతము ఈ లోపము మన దేశమున విస్తారముగ నున్నది. చామనచాయ మేనికి తెల్లని మేనికంటె హెచ్చుసేపు ఎండ కావలెను. మెథోట్రెక్సేటు పుచ్చుకొను బిడ్డ చర్మ మెండకు త్వరగ కందును గావున, వానిని ఎండలో నిలువబెట్టుటయు క్షేమము గాదు. శాకాహారమునందు ఈ విటమిను మిక్కిలి స్వల్పము.

కావున చికిత్సారంభముననే రక్తపరీక్ష చేయించుట యుక్తము. మిల్లీలీటరు రక్తరసమున 12 నానోగ్రాములకు తక్కువయైనచో లోపమనియు, 20కి మించిన చాలుననియు భారత శిశువైద్యుల సంఘము నిర్ణయించినది. లోపమును దీర్చు చుక్కలు గాని పొడి గాని స్వల్పవ్యయముతో లభించును. అయితే డి విటమిను కాన్సరును కుదుర్చు మందు కాదు; అట్లు చెప్పువారిని నమ్మరాదు. మితిమీరిన మోతాదుచే రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును. వైద్యుని యనుమతిలేక ఇంటిలో నిచ్చుట ప్రమాదము.

కాన్సరు చికిత్సకై ధన మొసగు దాత లందరు. వారు ఈ చిన్న పరీక్షకును, చుక్కల మందునకును కొంత కేటాయింతురుగాక. వైద్యులును తలిదండ్రులును దీనిని చిల్లర విషయమని త్రోసివేయకుందురుగాక. చావును గెలిచి ఇల్లు చేరిన బిడ్డ, తోడిబిడ్డలతో పరుగిడి యాడగలిగినపుడే చికిత్స సంపూర్ణమైనట్లు మేము భావింతుము.