హెపటైటిస్-బి: కాలేయాన్ని గాయపరిచేది ఎవరు?

హెపటైటిస్-బి వైరస్ కాలేయాన్ని కొరుక్కుతింటుందన్నది బలంగా పాతుకుపోయిన అపోహ. వాస్తవానికి ఈ వైరస్ తాను చేరిన కణాన్ని నేరుగా చంపదు. వైరస్ శకలాలు పైపొరపై కనిపించే కాలేయ కణాలను గుర్తించి హతమార్చేవి సీడీ8 టి-కణాలనే తెల్లరక్తకణాలు, అంటే శరీరపు సొంత రక్షకదళమే. అయితే చంపడం ఒక్కటే వాటి పద్ధతి కాదు. ఇంటర్‌ఫెరాన్-గామా వంటి సంకేత ప్రోటీన్లను విడుదల చేసి, కణాన్ని బతకనిస్తూనే అందులోని వైరస్‌ను అవి అణచగలవని శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ చిసారి బృందం 1990లలో జన్యుమార్పిడి ఎలుకలపై నిరూపించింది. పెద్దల్లో పచ్చకామెర్లు తగ్గినప్పుడు ఆకు పసరుకు దక్కే ఖ్యాతి చాలాసార్లు నిజానికి ఈ కణాలది.

వ్యాధి దీర్ఘకాలికమైతే 'ఇమ్యూనిటీ తక్కువ' అనుకోవడం రెండో అపోహ. ఆరోగ్యవంతులైన పెద్దలకు సోకితే సుమారు 95 శాతం మంది వైరస్‌ను అదుపు చేసుకోగలుగుతారు. పుట్టుకవేళ తల్లి నుంచి సోకిన శిశువుల్లో మాత్రం, టీకా అందకపోతే, దాదాపు 90 శాతం మందిలో అది జీవితాంతం నిలిచిపోతుంది. ఏళ్ల తరబడి వైరస్ ప్రోటీన్లు రక్తంలో వెల్లువెత్తడంతో, వాటిని గుర్తించే టి-కణాల పైపొరపై పీడీ-1 వంటి నిరోధక గ్రాహకాలు పెరిగి వాటి చురుకుదనం అణగిపోతుంది. శాస్త్రజ్ఞులు ఈ స్థితిని కణాల నిస్త్రాణ అంటారు. అదే వ్యక్తి శరీరం ఇతర సూక్ష్మజీవులను మామూలుగానే ఎదుర్కొంటుంది. నిస్త్రాణమైన కణాలు వైరస్‌ను తొలగించలేకపోయినా వాపును మాత్రం రాజేస్తూనే ఉండవచ్చు, ఆ వాపు ఏళ్లకొద్దీ సాగితే కాలేయంలో మచ్చకణజాలం పేరుకొని సిరోసిస్‌కు దారితీస్తుంది. ఇమ్యూనిటీ పెంచుతాయంటూ అమ్మే పొడులు ఈ నిస్త్రాణను సరిదిద్దుతాయనడానికి ఆధారం లేదు సరికదా, తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కోవిడ్ కాలంలో మన దేశంలోనే నమోదయ్యాయి.

కోలుకున్నవారి ఒంట్లో వైరస్ మిగలదన్నదీ నిజం కాదు. దాని జన్యుపదార్థం వలయాకార డీఎన్‌ఏగా కాలేయ కణాల కేంద్రకాల్లో దాగి ఉంటుంది, దాన్ని లేవనివ్వకుండా కాపు కాసేవి జ్ఞాపకశక్తి గల టి, బి కణాలు. లింఫోమా, కీళ్లవాతం వంటి జబ్బులకు వాడే రిటుక్సిమాబ్ బి-కణాలను తొలగించినప్పుడు వైరస్ తిరగబెట్టి ప్రాణం మీదికి తేవచ్చు. కనుక అటువంటి చికిత్స మొదలయ్యే ముందు హెచ్‌బీఎస్ యాంటిజెన్ పరీక్షతో పాటు, గతంలో వైరస్ సోకిందా అని తెలిపే యాంటీ-హెచ్‌బీసీ పరీక్ష కూడా చేయించుకోవాలి; మొదటిది నెగటివ్ వచ్చిందని రెండోదాన్ని మానరాదు.