సేన వెనుకటి సేన

యుద్ధమనగనే మనకు తుపాకులును ఫిరంగులును జ్ఞప్తికి వచ్చును. కాని యీ కాలపు యుద్ధములందు సేనయొక్క బలము దాని వెనుకనున్న పొలములలోను, కర్మాగారములలోను, వంటయిండ్లలోను ఉన్నది. ఇందుకు రెండవ ప్రపంచ యుద్ధమున బ్రిటను దేశము చేసికొనిన యేర్పాటులు మంచి నిదర్శనము.

1939వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన యుద్ధము ప్రకటింపబడిన దినముననే, 18 మొదలు 41 సంవత్సరముల వరకు వయస్సుగల పురుషులు సైన్యసేవకు బద్ధులగునట్లు శాసనము చేయబడెను. అయితే అందరును సేనలో చేరినచో తుపాకులు చేయువారెవరు? బొగ్గు త్రవ్వువారెవరు? కావున ముఖ్యమైన వృత్తులలోనివారిని వారి పనులయందే నిలిపిరి. 1941 డిసెంబరు నెలలో 20 మొదలు 30 సంవత్సరముల లోపు అవివాహిత స్త్రీలను గూడ దేశసేవకు బిలుచుటకు శాసనము పుట్టెను. 1943 చివర గనులలో పనివారు చాలకపోగా, సేనకు బిలువబడిన యువకులలో పదింట నొకనిని చీట్లువేసి యేర్పరచి గనులకు బంపిరి.

యుద్ధము చేయుట తమ మనస్సాక్షికి విరుద్ధమని తలచువారు న్యాయసభలయెదుట విన్నవించుకొనుటకు శాసనమునందే వీలు కల్పింపబడెను. అట్టివారిలో పలువురు పొలములలోను ఆస్పత్రులలోను పనిచేసిరి.

అన్నిటికంటె కష్టమైనది ఆహారవిషయము. ఆ దేశము తన ఆహారములో అధికభాగమును ఓడలమీద తెప్పించుకొనుచుండెను. జర్మనుల జలాంతర్గాములు ఆ ఓడలను ముంచుచుండెను. అందుచేత 1940 జనవరి 8వ తేదీ మొదలు వెన్న, చక్కెర, ఉప్పువేసిన పందిమాంసము రేషను పుస్తకముమీదనే యీయబడెను. మొదట వారమునకు మనిషికి వెన్న 4 ఔన్సులు, చక్కెర 12 ఔన్సులు. ధనవంతునికిని కూలివానికిని ఒకటే కొలత. పసిబిడ్డలకును గర్భిణీస్త్రీలకును తక్కువ వెలకో, వెల లేకయో పాలు లభించెను. 1941లో ఆదాయపు పన్ను పౌనునకు 10 షిల్లింగులు, అనగా సరిగా సగమాయెను. బరువు పెద్దదే గాని, అందరును మోయుచున్నారను నమ్మకముచేత ప్రజలు దానిని సహించిరి.

ఈ నమ్మకముయొక్క విలువ అది లేనిచోట మరింత స్పష్టముగా కనబడును. ఆ ప్రభుత్వమే యేలిన మన దేశమును 1939లో వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు ఇచ్చటి నాయకుల సమ్మతి నడుగకయే యుద్ధములో చేర్చెను. యుద్ధాంతమునకు 20 లక్షలకు పైగా భారతీయులు సైన్యమున నుండిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను జపానువారి బాంబులు పడెను. 1943లో వంగదేశమున బియ్యపు వెల పేదలకు అందరానంతగా పెరిగినప్పుడు, కలకత్తాలోని యుద్ధపరిశ్రమల పనివారికి ముందుగా ధాన్యము సమకూర్పబడెను. పల్లెలలోని కూలీలును జాలరులును కడకు మిగిలిరి. ఆ కరవునందును, దాని వెంట వచ్చిన వ్యాధులందును 20 లక్షలు మొదలు 30 లక్షలమంది మరణించిరని పలువురు చరిత్రకారుల యంచనా.

ఒకే యుద్ధము, ఒకే ప్రభుత్వము. కాని కొలత రెండు విధములాయెను. విద్యార్థులారా, చరిత్రలో విజయములను చదువునప్పుడు సేనాపతుల పేళ్లతో తృప్తిపడకుడు. ఆ దేశమున కష్టమును ఎవరు పంచుకొనిరి, అన్నము ఎవరికి అందెను అని కూడ అడుగుడు. కష్టకాలమున కడపటివాని కంచమును మరువని దేశమే నిజముగా ఏకమైన దేశము.