తూటా గొట్టాల కత్తిరింపు

తూటా గొట్టాల కత్తిరింపు అనగా ఒకసారి కాల్చిన రైఫిల్ తూటా యొక్క ఇత్తడి గొట్టాన్ని తిరిగి నింపే ముందు, సాగిన మూతిని కోసి నిర్ణీత పొడవుకు తీసుకురావడం. తూటాలను చేతితో తిరిగి నింపుకునే ప్రక్రియను రీలోడింగ్ అంటారు. ఇది అమెరికా, కెనడా వంటి దేశాలలో గురి పోటీదారులు, వేటగాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది.

తూటా నిర్మాణం

తూటాలో నాలుగు భాగాలుంటాయి: గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, మూతిలో బిగించిన గుండు. కాల్చినపుడు మొదటి మూడింటిలో గొట్టం మాత్రమే తిరిగి పనికొస్తుంది. ఇది సాధారణంగా 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఇత్తడితో తయారవుతుంది.

గొట్టం ఎందుకు సాగుతుంది?

తూటా పేలినపుడు గొట్టం ఉబ్బి, దాని ముందుభాగం తుపాకీ ఛాంబర్ గోడను పట్టుకుంటుంది. అడుగుభాగం మాత్రం వెనుకకు నెట్టబడుతుంది. ఈ రెంటి మధ్య, అడుగుకు కొంచెం పైన ఉన్న గోడ సాగి పలుచబడుతుంది. తరువాత ఉబ్బిన గొట్టాన్ని డైలో నొక్కి పూర్వపు ఆకారానికి తెచ్చేటపుడు లోహం మెడవైపు జరుగుతుంది. అందువల్ల మూతి వద్ద పొడవు పెరుగుతుంది.

భారతదేశంలో పోలీసులు దీర్ఘకాలం వాడిన .303 రైఫిల్ ఇందుకు మంచి ఉదాహరణ. యుద్ధరంగంలో మట్టి పట్టిన తూటాలు కూడా ఇమిడేలా దీని సైనిక ఛాంబర్లను వదులుగా చేశారు. అందుచేత దీని గొట్టాలు త్వరగా సాగుతాయి.

పొడవు పెరిగితే ప్రమాదం

గొట్టం మరీ పొడవైతే దాని మూతి ఛాంబర్ చివరి ఇరుకు భాగంలో దూరి బిగుసుకుంటుంది. కాల్చినపుడు మూతి విచ్చుకోలేక గుండును గట్టిగా పట్టి ఉంచుతుంది. అప్పుడు లోపలి పీడనం హఠాత్తుగా పెరిగి తుపాకీ దెబ్బతినవచ్చు. కాల్చేవారి కళ్ళకు, ముఖానికి గాయాలు కావచ్చు. గొట్టం కొద్దిగా పొట్టిదైతే సాధారణంగా ఇంతటి ప్రమాదం ఉండదు.

గరిష్ఠ పొడవులు

* .303 బ్రిటిష్ - 56.44 మి.మీ.
* .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ - 63.35 మి.మీ.
* .308 వించెస్టర్ - 51.18 మి.మీ.
* .223 రెమింగ్టన్ - 44.70 మి.మీ.

కత్తిరించేటపుడు సాధారణంగా వీటికంటే 0.25 మి.మీ. తక్కువకు తెస్తారు.

విధానం

ముందుగా గొట్టాన్ని శుభ్రపరచి, పగుళ్ళున్నాయేమో పరీక్షిస్తారు. డైలో నొక్కిన తరువాతనే వెర్నియర్ కాలిపర్‌తో పొడవు కొలుస్తారు. నొక్కడం వల్లనే పొడవు పెరుగుతుంది కనుక, ముందే కోసి తరువాత నొక్కితే ఆ కొలత నిలవదు. ట్రిమ్మర్ అనే చిన్న లేత్ వంటి పరికరంలో గొట్టాన్ని బిగించి, మూతిని సమంగా చెక్కుతారు. చివరగా మూతి అంచును లోపల ఏటవాలుగా, బయట నునుపుగా చేస్తారు. లేనిచో గుండును బిగించేటపుడు అంచు గీరుకుపోతుంది.

ఎన్నిసార్లు కత్తిరించవచ్చు?

మూతి వద్ద కోసిన లోహంలో చాలా భాగం అడుగువైపు గోడ నుండి వచ్చినదే. కాబట్టి కత్తిరింపు పొడవును సరిచేయగలదు గాని, పలుచబడిన గోడను సరిచేయలేదు. పదేపదే కత్తిరించవలసి రావడమే గొట్టం బలహీనపడిందనడానికి సూచన. అడుగుకు పైన బయట మెరిసే వలయం గాని, లోపల కొన వంచిన తీగకు తగిలే గాడి గాని కనిపిస్తే ఆ గొట్టాన్ని పారవేయాలి. లేకుంటే తరువాతి సారి కాల్చినపుడు అది అక్కడే రెండుగా తెగవచ్చు.

మెడ పగలడం వేరే సమస్య. ఇత్తడిని పదేపదే వంచితే, కొడితే గట్టిపడి పెళుసవుతుంది. కంచరివారు పాత్రను కొడుతూ మధ్యలో కాల్చి మెత్తబరచినట్లే, మెడభాగాన్ని మాత్రమే వేడిచేసి మెత్తబరుస్తారు. అడుగుభాగం మెత్తబడితే పీడనాన్ని ఆపలేదు, కనుక అక్కడికి వేడి చేరనీయరు.

భారతదేశంలో

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఈ అనుమతి లభించదు. తెలుగువారికి పరిచయమైన షూటింగ్ పోటీలలో ఈ ప్రక్రియ అవసరం కూడా తక్కువ. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్య పతకం సాధించిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో తూటాయే ఉండదు. 50 మీటర్ల పోటీలలో వాడే .22 తూటాలలో నిప్పు పుట్టించే మందు గొట్టం అంచులోనే ఉంటుంది. వాటిని ఒకసారి కాల్చాక తిరిగి నింపరు.