క్లోర్‌ప్రోమజీన్: ఉన్మాదమునకు మందు, దాని మంచిచెడ్డలు

గదిలో ఎవరును లేకున్నను మాటలు వినవచ్చుట, అన్నము పెట్టిన తల్లినే అనుమానించుట, రేయింబవళ్లు నిద్రలేక తిరుగుట మున్నగు లక్షణములు గల మనిషిని మనవారు పిచ్చివాడందురు. ఇది గాలిసోకుట గాదు, వ్యాధి. 1950వ దశకమునకు పూర్వము దీనికి నమ్మదగిన మందు లేకుండెను.

1950 డిసెంబరులో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ షార్పాంత్యే క్లోర్‌ప్రోమజీన్‌ను తయారుచేసెను. శస్త్రచికిత్సకు తోడుగా దానిని వాడిన ఆన్రీ లాబొరీ అను వైద్యుడు, రోగులు స్మృతి తప్పకయే నిశ్చింతగా నుండుట కనిపెట్టెను. 1952లో పారిసు నగరమందలి సెంట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ దెలే, పియేర్ దెనికేర్ అను వైద్యులు మనోరోగులకిచ్చి ఫలితములను ప్రకటించిరి. ఈ చరిత్రలో మన దేశమునకును భాగము కలదు. సర్పగంధ వేరు ఉన్మాదమును, రక్తపుపోటును తగ్గించునని గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు 1931లోనే వ్రాసిరి.

మెదడులో డోపమీన్ అను రసాయనము నరకణముల నడుమ వార్తలను మోయును. ఆ వార్త చేరు స్థానములను కొంతవరకు మూసియుంచుటయే ఈ మందు చేయు పని. ఉద్రేకము త్వరలోనే తగ్గవచ్చును గాని, లేని మాటలు వినబడుట తగ్గుటకు వారములు పట్టును. పది దినములు చూచి పనిచేయలేదని మానుట తొందరపాటు. విడువని వెక్కిళ్లకును దీనిని వాడుదురు.

ఇక దోషములు. మత్తు, నోరెండుట, మలబద్ధము సామాన్యములు. మంచముమీదనుండి చటాలున లేచినచో కన్ను తిరిగి పడవచ్చును. కొంతసేపు కూర్చుండి లేవవలెను. ఎండకు చర్మము కమలును గావున పొలము పనివారు తలగుడ్డ, నిండు చేతుల చొక్కా ధరించుట మంచిది. మద్యము కూడదు.

ముఖ్యముగా ఇంటివారు పొరబడు సంగతులు రెండు గలవు. కొందరికి, విశేషించి యువకులకు, తొలిదినములలో మెడ ప్రక్కకు తిరిగి బిగిసిపోవును, కనుగ్రుడ్లు పైకి నిలిచిపోవును. చూచువారు దయ్యమని భూతవైద్యుని పిలిపింతురు. ఆసుపత్రిలో ఒక్క సూదిమందుతో ఇది సాధారణముగా కొద్దిసేపటిలో సర్దుకొనును. మరికొందరు ఒకచోట నిలువలేక కాళ్లాడించుచు తిరుగుదురు. వ్యాధి ముదిరినదని తలచి, తామే మోతాదు పెంచిన బాధ హెచ్చును.

చేతుల వణకు, శరీరపు బిగువు కలిగినను వైద్యునితో చెప్పవలెను. ఏండ్ల తరబడి వాడినవారిలో పెదవులు, నాలుక తమంత తామే కదలుట కలుగవచ్చును. కొందరికిది మందు మానినను పోదు. తీవ్రజ్వరముతో శరీరము కొయ్యబారి తెలివి తప్పినచో ప్రాణాపాయము. మందు ఆపి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. కండ్లు పచ్చబడినను ఆలస్యము తగదు.

రిస్పెరిడోన్, ఒలాంజపీన్ వంటి తరువాతి మందులలో బిగువు, వణకు సాధారణముగా తక్కువ. కాని ఒలాంజపీన్ బరువును, రక్తములో చక్కెరను హెచ్చించును. ఏ మందు ఎవరికి తగునో వైద్యుడు నిర్ణయింపవలసినదే.

నెమ్మదించిన పిదప, 'బాగైనది గదా, ఇంకెందుకు?' అని మాత్రలు విడుచువారు ఎందరో. అట్టివారిలో పెక్కుమందికి వ్యాధి తిరుగబెట్టును. మానదలచినచో వైద్యుడే క్రమముగా తగ్గించును. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును.