మూసీ నీళ్లలో నాట్లేసే కాళ్లు

హైటెక్ సిటీ అద్దాల మేడల్లో వాడి వదిలిన నీళ్లు ఎటు పోతున్నాయి? దుర్గం చెరువు, మల్కం చెరువు దారిన మూసీలో పడుతున్నాయి. పట్నం మురుగుతో కలిసి పిల్లాయిపల్లి కాలువ గుండా పోచంపల్లి, చౌటుప్పల్ పొలాలకు చేరుతున్నాయి. ఆ నీళ్లలో దిగి నాట్లేసే కూలి అక్కచెల్లెళ్ల కాళ్లకు దురదలు, పుండ్లు. కూలి డబ్బులు మందులకే పోతే ఇంటికేం మిగుల్తుంది?

హైదరాబాదులో 31 మురుగు శుద్ధి కేంద్రాలు కట్టడానికి 2021లో 3,866 కోట్లు మంజూరయ్యాయి. దుర్గం చెరువు దగ్గరిది 2023లో మొదలైంది. రోజుకు 70 లక్షల లీటర్లు శుద్ధి చేయగలదు. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. ముందు చెత్త, ఇసుక ఆపుతారు. మురుగులోకి గాలి పంపుతారు. గాలి తగిలి పెరిగిన సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. బురద అడుక్కి దిగితే పైన తేటనీరు. పెంటకుప్ప మాగడం చూసిన రైతుకు ఇది కొత్తా? కాకపోతే కరెంటు పోయి గాలి ఆగిందా, ఆ సూక్ష్మజీవులు చస్తాయి. మందుల ఫ్యాక్టరీల విషమైతే వాటికి లొంగనే లొంగదు. దాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి.

నీటి పరీక్షల లెక్కలు కాలువ కింది ప్రతి పంచాయతీ ఆఫీసు గోడమీద రాయాలని అడుగుదాం. శుద్ధైన నీళ్లు కంపెనీల తోటలకు మళ్లిస్తే మన మళ్లకేం వస్తాయో కూడా అడుగుదాం.