మూసిన గని, ఆగని నీరు

బొగ్గు తవ్వకం ఆగితే కాలుష్యమూ ఆగుతుందనుకుంటాం. నదుల విషయంలో చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. గని నడిచినన్నాళ్లూ ఊటనీటిని మోటార్లు పెట్టి తోడేస్తారు. మూతపడ్డాక తోడే దిక్కుండదు. సొరంగాలు నిండిపోయి, నీళ్లు సందు దొరికిన చోటల్లా బయటపడి వాగుల్లో కలుస్తాయి.

అవి మామూలు నీళ్లయితే బెంగే లేదు. బొగ్గులోనూ దాన్ని అంటిపెట్టుకున్న రాళ్లలోనూ పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. అందులో ఉండేవి ఇనుము, గంధకం. నేల లోపల ఉన్నంతవరకు దానివల్ల హాని లేదు. గాలీ నీరూ తగిలాయంటే గంధకం సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుతుంది, ఇనుము నీళ్లలో కరిగిపోతుంది. ఇనుము మీద ఆధారపడి బతికే ఒక బ్యాక్టీరియా ఈ పనిని ఎన్నో రెట్లు వేగంగా జరిపిస్తుంది. దాని ఆచూకీ 1947లో శాస్త్రవేత్తలకు దొరికింది కూడా అమెరికా బొగ్గు గనుల నీళ్లలోనే.

ఇంకో విశేషం. గని నుంచి బయటపడే చోట ఈ నీళ్లు ఒక్కోసారి దోసిలి పట్టాలనిపించేంత తేటగా ఉంటాయి. కాస్త దూరం పారి గాలి సోకాక నారింజ రంగుకు తిరుగుతాయి. కరిగిన ఇనుము తుప్పుగా మారి అడుగున పేరుకుంటుంది. వాగులోంచి గులకరాయి తీస్తే వేళ్లకు జిగట బురద అంటుకుంటుంది. రాళ్ల సందుల్లోని పురుగులు ఆ పూత కింద చస్తాయి, వాటిని తిని బతికే చేపలూ మాయమవుతాయి. పెన్సిల్వేనియాలో ఆ బురదకు 'ఎల్లో బాయ్' అని పేరు. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఇలా పాడైన వాగులూ నదులూ 5,500 మైళ్ల పైమాటే.

అక్కడే 1959 జనవరి 22న సస్క్వెహన్నా నది ఏకంగా నాక్స్ బొగ్గు గనిలోకి దూకింది. నది కింద మరీ పైపైకి తవ్వడమే కారణం. 12 మంది చనిపోయారు. అక్కడ ఏర్పడ్డ సుడిగుండాన్ని పూడ్చడానికి రైలు పెట్టెలనే అందులోకి తోశారు. ఆ చుట్టుపక్కల గనులు ఒక్కొక్కటీ మూతపడి పంపులు ఆగాక, స్క్రాంటన్ వైపు ఇళ్ల నేలమాళిగల్లోకి గని నీళ్లు ఎక్కసాగాయి. 1962లో సైనిక ఇంజనీర్లు ఓల్డ్ ఫోర్జ్ దగ్గర బోరు వేసి దారి చూపారు. ఇళ్లు దక్కాయి, లాకవానా నది దక్కలేదు. ఆ ఒక్క బోరు నుంచి నేటికీ రోజుకు 15 కోట్ల లీటర్లకు తక్కువ కాకుండా తుప్పునీరు నదిలో పడుతోంది. అరవై ఏళ్లు దాటినా ఆగలేదంటే గుండె చివుక్కుమంటుంది.

మన దేశంలో ఈ గోస మేఘాలయది. అక్కడి బొగ్గులో గంధకం ఎక్కువ. జైంతియా కొండల్లో లూఖా నది చలికాలంలో చూడముచ్చటైన నీలిరంగులోకి మారుతుంది, కానీ అందులో చేపలు బతకవు. ఎలుక బొరియల్లాంటి బొగ్గు గనుల మీదా, దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీల మీదా వేళ్లు చూపిస్తున్నారు. జైంతియా కొండల వైపు నుంచే వచ్చే మరో నది కోపిలి మీద, అస్సాంలో ఉన్న జలవిద్యుత్ కేంద్రం యంత్రాలను ఆమ్లపు నీరు తినేసింది.

సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి మన గోదావరికి ఈ ఆమ్లం బెడద అంతగా లేదు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీద నుంచి తవ్విపోసిన మట్టి (ఓబీ) గుట్టల నుంచి వానకు కొట్టుకొచ్చే మట్టి వాగుల్లో మేట వేయడం వేరే సమస్య.

ఆమ్లపు నీటికి విరుగుడు సున్నపురాయి. పైపైన పరిస్తే దాని మీద తుప్పు పేరుకుని పని మానేస్తుంది. అందుకే గాలి తగలకుండా పాతి, దాని గుండా నీటిని పంపుతారు. ఒహాయోలో ప్రొఫెసర్ గై రీఫ్లర్, చిత్రకారుడు జాన్ సాబ్రా కలిసి వాగులోని ఇనుప బురదతో చిత్రకారులకు రంగులు చేయించారు. అవి అమ్ముడవుతున్నాయి కూడా.

ఖర్చు ఎవరిది? అమెరికాలో 1977 చట్టం ప్రకారం, నేడు బొగ్గు తవ్వే కంపెనీ టన్నుకింతని కట్టాలి. ఎప్పుడో వదిలేసిన గనులను బాగుచేయడానికే ఆ డబ్బు. మేఘాలయలోనూ బొగ్గు మీద వసూలు చేసిన పర్యావరణ నిధి ఉంది. 2019లో గ్రీన్ ట్రైబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వంపై విధించిన 100 కోట్ల రూపాయలను అందులోంచే కట్టమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సొమ్ములో ప్రతి రూపాయీ లూఖాలాంటి నదుల మీదే ఖర్చు కావాలి.