దేవయాని నీహారికకు ఛాయాచిత్రము

కార్తికమాసమున చంద్రుడు లేని రాత్రి, తొమ్మిది గంటల వేళ, దీపకాంతి సోకని బయలున నిలిచి పైకి చూడుడు. ఉత్తరాభాద్ర నక్షత్రమునకు చెందిన రెండు చుక్కలలో ఉత్తరపుది దేవయాని మండలమునకు మొదటి తార. దానికి ఈశాన్యముగా చిన్న మబ్బుతునుక వంటి మసక వెలుగొకటి కనబడును. పారశీక జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు అల్ సూఫీ 964వ సంవత్సరముననే దీనిని తన గ్రంథమున పేర్కొనెను. ఇదియేమియో వేయేండ్లవరకు ఎవ్వరికిని తెలియలేదు.

ఇందుకు ముఖ్యకారణము మన కన్నే. కన్ను కాంతిని కూడబెట్టజాలదు. చీకటికి అలవడిన పిమ్మట ఎంతసేపు చూచినను అంతే కనబడును. ఛాయాచిత్రపు ప్లేటు అట్లుగాదు. చినుకు చినుకుగా కురిసిన వాన కుంటను నింపునట్లు, దానిపై గంటలకొలది పడిన సన్నని కాంతియంతయు ఒకచోట చేరి రూపము దాల్చును.

అయితే ఇందొక చిక్కు కలదు. భూభ్రమణముచే ఆకాశము గంటకు 15 డిగ్రీల చొప్పున పడమరకు జరుగుచున్నట్లు తోచును. కదలక నిలిపిన దూరదర్శినిలో చుక్కలన్నియు గీతలై పోవును. కావున భూమి ఇరుసునకు సమాంతరమైన ఇరుసుపై దూరదర్శినిని నిలిపి, గడియారపు యంత్రముచే ఆకాశముతోపాటు త్రిప్పవలెను. యంత్రము తడబడకుండ మనుష్యుడొకడు ఒక చుక్కను గుఱిగా పెట్టుకొని కనిపెట్టి యుండవలెను.

ఈ పనిని సాధించినవాడు ఐజాక్ రాబర్ట్సు. ఆయన 1829లో వేల్సు దేశమున జన్మించి, లివర్‌పూలు నగరమున భవనములు కట్టించు వ్యాపారము చేసెను. జ్యోతిశ్శాస్త్రము ఆయనకు జీవనోపాధి కాదు, అభిమానవిద్య. లివర్‌పూలు చెంతనున్న మాఘల్ గ్రామమున 20 అంగుళముల అద్దముగల దూరదర్శినితో 1888లో ఆయన దేవయాని నీహారికకు ఛాయాచిత్రము తీసెను. అంతకుముందు 1847లో అమెరికాలోని హార్వర్డున జార్జి బాండు ఆ వెలుగులో రెండు నల్లని చారలు చూచియుండెను. అవి ఒక పెద్ద సుడియొక్క వలయముల నడుమ నుండు చీకటి సందులని రాబర్ట్సు ప్లేటు వెల్లడించెను.

వాయురాశి గడ్డకట్టి క్రొత్త సూర్యుడును గ్రహములును పుట్టుచున్నవని రాబర్ట్సు తలంచెను. ఆ తలంపు తప్పు. 1923లో ఎడ్విన్ హబులు, మౌంటు విల్సను పర్వతముపైని 100 అంగుళముల దూరదర్శినితో తీసిన ప్లేటుపై, క్రమముగా వెలుగు పెరిగి తరుగు తార నొకదానిని ఆ నీహారికలో కనుగొనెను. అట్టి తార యొక్క ఆవృత్తికాలమును బట్టి దాని నిజమైన ప్రకాశము, దానినిబట్టి దూరము తెలియును. ఆ లెక్కచే ఆ మసక వెలుగు మన పాలవెల్లికి వెలుపలనున్న వేఱొక పాలవెల్లి యని తేలెను. ఇప్పటి గణనచే దాని దూరము సుమారు 25 లక్షల కాంతివత్సరములు. రాబర్ట్సు ప్లేటుపై పడిన కాంతి అన్ని సంవత్సరముల క్రిందట బయలుదేరినదన్నమాట!

నేడు సామాన్య అభిమానులు సయితము చిన్న దూరదర్శినికి ఎలక్ట్రానిక్ కెమెరా తగిలించి, పెక్కు చిత్రములు తీసి, కంప్యూటరుచే వానిని ఒకటిగా కలుపుచున్నారు. సాధనములు మాఱినను సూత్రమదియే: కొంచెము కొంచెముగా కాంతిని కూడబెట్టుట.

విద్యార్థులారా, రాబర్ట్సు చెప్పిన అర్థము నిలువలేదు. ఆయన తీసిన చిత్రము నిలిచినది. చూచినదానిని ఉన్నదున్నట్లు భద్రపఱచినవాని శ్రమ, అతని ఊహ తప్పినను, వ్యర్థము కాదు.